కాగితం కంటే ముందు

ఆక్లాండ్ శివారు న్యూ లిన్‌లో మా ఫ్లాట్‌కి రెండు వీధుల అవతల ఒక కమ్యూనిటీ హాలు ఉంది. శనివారం ఉదయాల్లో అక్కడ చిన్నపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతారు. మొన్న కూరగాయలు కొనుక్కుని ఆ దారిన వస్తుంటే హాలు తలుపు తీసి ఉంది. లోపల ఒకావిడ తెల్ల టేపు చుట్ట పట్టుకుని ముక్క చింపడం, దాని మీద ఒక పేరు రాయడం, గోడకున్న కొక్కెం పైన అంటించడం, మళ్ళీ ముక్క చింపడం, ఇలా వరసగా చేసుకుపోతోంది. చుట్టను విడిచేటప్పుడు టేపు చేసే చప్పుడు పెద్దదేమీ కాదు. పాత గుడ్డ చిరిగినట్టు ఉంటుంది. ఆ చప్పుడుకు నా కాళ్ళు ఆగిపోయాయి. సంచి బరువుకు వేళ్ళు నొప్పి పుట్టేదాకా అక్కడే నిలబడ్డాను. రత్నంగారు పోయి పది నెలలైంది. ఇన్వర్‌కార్గిల్‌లో ఆయన దగ్గర పనిచేసిన రోజుల్లో ఆ చప్పుడు వినకుండా ఒక్క వారం కూడా గడవలేదు.

మీరెవరూ ఆయన్ని ఎరగరు. వార్తల్లోకి ఎక్కిన మనిషి కాదు. బందరులో పుట్టి, విజయవాడలో రైల్వే జట్టుకు కొన్నాళ్ళు ఆడి, భార్య నిర్మల ఆంటీకి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెంట ఈ దేశానికి దక్షిణాన చిట్టచివరి ఊరైన ఇన్వర్‌కార్గిల్‌కి వచ్చారు. పొద్దునా సాయంత్రం స్కూలు బస్సు నడిపేవారు. ఆ ఊరికి ఒక ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది. మొదట స్కోరు బల్ల దగ్గర కూర్చునే వాలంటీరుగా చేరి, కొన్నేళ్ళకు ఆ జట్టు మేనేజర్ అయ్యారు. మేనేజర్ అంటే ఆట నేర్పేవాడు కాదు. ఆటగాళ్ళు ఏ ఇంట్లో ఉంటారు, ఏ విమానం ఎక్కుతారు, ఎవరి మోకాలికి ఏ డాక్టరు, పోటీలు నడిపే లీగ్ ఆఫీసుకు ఏ కాగితం ఎప్పుడు వెళ్ళాలి, ఇవన్నీ చూసేవాడు. కొద్దిగా వంగి నడిచేవారు. తక్కువ మాట్లాడేవారు. నవ్వితే మాత్రం గది చివర ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూసేవారు.

అనంతపురం నుంచి వచ్చి అక్కడి పాలిటెక్నిక్‌లో చదువు ముగించిన నాకు అప్పట్లో వీసా ఉంది గాని పని లేదు. మనవాళ్ళు ఒక చర్చి హాలు తీసుకుని చేసుకున్న ఉగాది భోజనాల దగ్గర ఆయన నా పక్కన కూర్చున్నారు. పచ్చడి తింటూనే అడిగారు.

"కంప్యూటర్‌లో ఫారాలు నింపడం వచ్చా అమ్మాయ్?"

"వచ్చు సార్."

"సార్ అంటే నేను వెనక్కి తిరిగి చూస్తాను, ఎవరొచ్చారా అని. ఇక్కడందరూ రత్నం అంటారు."

"నేను అనలేనండి."

"అయితే అంకుల్ అను. జట్టులో సగంమంది అలాగే పిలుస్తారు, ఆరున్నర అడుగుల వాళ్ళు కూడా."

మొదటి రోజు ఆయన నాకు ఇచ్చిన పని కంప్యూటర్‌ది కాదు. డ్రెస్సింగ్ రూములో ఒక్కో కొక్కెం పైన ఒక్కో ఆటగాడి పేరు రాసి టేపు అంటించడం. నేను జాబితా చూసి రాయబోతే ఆపారు. "అడిగి రాయి. చూసి రాయకు." జాబితాలో పేర్లున్నాయి కదా అన్నాను. "ఉంటాయి. కాని వాళ్ళని పలకరించడానికి నీకింతకంటే మంచి సాకు దొరకదు." ఇంకో నియమం కూడా అప్పుడే చెప్పారు. ఎవరైనా జట్టు వదిలి వెళ్ళేటప్పుడు తన పేరు టేపును తనే పీకి తీసుకెళ్ళాలి. మరొకరు దాన్ని తాకకూడదు.

ఆయన పనితీరు నాకు నిజంగా అర్థమైంది జోష్ అనే ఆటగాణ్ణి తీసేసిన రోజున. కోచ్ నిర్ణయించాడు, ఉత్తరం తయారైంది, నేను ఈమెయిల్ పంపబోతున్నాను. రత్నంగారు కారు తాళాలు తీసుకుని "పద" అన్నారు. బయట వడగళ్ళు పడుతున్నాయి. బీచ్ వైపు జోష్ ఉండే ఫ్లాట్‌కి వెళ్ళాం. అతను టోస్ట్ చేసుకుంటున్నాడు. రత్నంగారు కూర్చుని రెండు ముక్కల్లో చెప్పారు. "ఈ సీజన్‌లో నీకు చోటు లేదు జోష్. నిర్ణయం అయిపోయింది, మారదు." టోస్ట్ మాడిన వాసన వచ్చింది. నాకు అక్కణ్ణుంచి పారిపోవాలనిపించి బ్యాగు సర్దుకున్నాను. ఆయన నా వైపు ఒక చూపు చూశారు. మళ్ళీ కూర్చున్నాను. చాలాసేపటికి జోష్ లేచి, ముఖం కడుక్కుని వచ్చి, "టీ తాగుతారా?" అని అడిగాడు. అప్పుడు రత్నంగారు లేచారు.

కారులో అన్నాను, "ఈమెయిల్ చేస్తే సరిపోయేది కదా అంకుల్."

"సరిపోయేది. నీ వీసా రిజల్ట్ ఈమెయిల్లో వచ్చిన రోజున నీకు సరిపోయిందా?"

మొదటిసారి వీసా తిరస్కరించినప్పుడు ఆ ఈమెయిల్ నేను బస్ స్టాపులో చదివాను.

"చెప్పాల్సింది కాగితం కంటే ముందు వెళ్ళి చెప్పాలి. చెప్పాక, విన్నవాడు లేచేదాకా మనం లేవకూడదు. అంతే అమ్మాయ్, ఇంతకంటే పెద్ద విద్యేం లేదు ఇందులో." తర్వాత, దారి చూస్తూనే, రైల్వే జట్టు నుంచి తనని తీసేసిన సంగతి చెప్పారు. ఆ రోజు బూట్లు చేత్తో పట్టుకుని ప్రాక్టీసుకు వెళ్ళారట. నోటీసు బోర్డు మీద జాబితా ఉంది. అందులో తన పేరు లేదు. అప్పటికే చూసిన స్నేహితులందరూ బూటు లేసులు కట్టుకుంటున్నట్టు తలలు వంచుకున్నారట. "ఒక్కడు తలెత్తి చెప్పి ఉంటే నేను ఇంకో రెండేళ్ళు ఆడేవాణ్ణేమో, ఇంకెక్కడైనా" అన్నారు. ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

నేను చేరిన రెండో ఏడు జట్టు కష్టాల్లో పడింది. యజమానికి వ్యవసాయ యంత్రాలు అమ్మే వ్యాపారం ఉండేది. అది దెబ్బతినడంతో ఇక జట్టును నడపలేనని లైసెన్సును లీగ్ చేతుల్లో పెట్టేశాడు. కొత్త యజమాని దొరికేదాకా లీగే మమ్మల్ని నడుపుతుందని ఆక్లాండ్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. తొమ్మిది పేజీలు. అలాంటివి చదివి, అవసరమైనంత రత్నంగారికి చెప్పడం నా పని. నాకు చదివేటప్పుడు గీతలు గీసే అలవాటు. ఆ ఉత్తరంలోనూ ఆకుపచ్చ పెన్నుతో ఒక వాక్యం కింద గీత గీశాను. ఏ ఆటగాడి ట్రేడ్‌నైనా ఆపే అధికారం లీగ్‌కు ఉంటుందని, తుది అనుమతి వచ్చేదాకా ఆ సంగతి ఆటగాడికి తెలియజేయరాదని అందులో ఉంది. ట్రేడ్ అంటే ఒక జట్టు తన ఆటగాణ్ణి ఇచ్చి అవతలి జట్టు నుంచి మరొకరిని తెచ్చుకోవడం. అంతకుముందు కూడా దానికి లీగ్ సంతకం కావాల్సి ఉండేది. కాని అది ఎప్పుడూ ఆగింది లేదు.

"ఏముందమ్మాయ్, కొత్తగా ఏమైనా చెప్పారా?" అని అడిగారు రత్నంగారు, బస్సు డ్యూటీకి వెళ్తూ.

"ఏం లేదు అంకుల్. మామూలే."

ఎందుకలా అన్నానని ఈ పది నెలల్లో చాలాసార్లు ఆలోచించాను. ఆ వాక్యం ఆయన పద్ధతికి అడ్డమొస్తుందని నాకు తెలుసు. చెబితే ఆయన ఇబ్బంది పడతారనుకున్నాను. వకీళ్ళు రాసే మాటల్లో ఏది లెక్కలోకి తీసుకోవాలో ఏది అక్కర్లేదో నాకు తెలుసనే గర్వం కూడా కొంత ఉంది.

టామా మా పాయింట్ గార్డ్. బంతిని ముందుకు నడిపించేవాడు. హాలుకు వచ్చే కొద్దిమంది జనం అతని కోసమే వచ్చేవారు. సమోవా కుటుంబం, తల్లి దక్షిణ ఆక్లాండ్‌లో ఉంటుంది. ఆ ఏడు ఆమెకు కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలైంది. ఆమెను తీసుకెళ్ళి తీసుకురావడానికి ఇంట్లో మరో మనిషి లేరు. టామా ఈ మాట రత్నంగారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయన ఆక్లాండ్ జట్టు మేనేజర్‌తో మాట్లాడారు. వాళ్ళు టామాను తీసుకుని ఇద్దరు కొత్త ఆటగాళ్ళను ఇస్తామన్నారు. ఇద్దరు కోచ్‌లూ ఒప్పుకున్నారు. గురువారం మధ్యాహ్నం నేను ఫారం పంపాను. ఆ సాయంత్రమే రత్నంగారు టామా ఫ్లాట్‌కి వెళ్ళి చెప్పారు. కాగితం కంటే ముందు.

మర్నాడు టామా డ్రెస్సింగ్ రూముకి వచ్చి తన పేరు టేపును నెమ్మదిగా, చిరగకుండా పీకి జేబులో పెట్టుకున్నాడు. ఫ్లాట్ ఖాళీ చేస్తానని నోటీసు ఇచ్చాడు. మంచం, హీటరు పాలిటెక్నిక్ పిల్లలకు ఇచ్చేశాడు. మరుసటి శుక్రవారం మధ్యాహ్నం లీగ్ నుంచి ఈమెయిల్ వచ్చింది. మూడే వాక్యాలు. ఆ ట్రేడ్ జట్టు విలువను తగ్గిస్తుంది కాబట్టి అనుమతించడం లేదు.

నేను ఆయనకు ఫోన్ చేయలేదు. బస్సు డిపోకు వెళ్ళి నిలబడ్డాను. ఆయన బస్సు దిగి నా ముఖం చూసి, "ఆపేశారా?" అన్నారు. తల ఊపాను. ఆఫీసుకు వచ్చాక, "ఆ మొదటి ఉత్తరం ఒకసారి ఇటు తే" అన్నారు. అది నా సొరుగులోనే ఉంది, ఆకుపచ్చ గీతతో. నేను దాన్ని తీయలేదు. కంప్యూటర్ దగ్గరకు వెళ్ళి కొత్తగా ఇంకో కాపీ ప్రింటు తీసి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కాగితం ముఖానికి దగ్గరగా పెట్టుకుని ఒక్కో పేజీ చదివారు. ఐదో పేజీలో ఆగారు.

"ఇది చూశావా?"

"సరిగా చూడలేదు అంకుల్."

ఆయన కాగితాలు సర్ది బల్ల మీద పెట్టారు. "చదవాల్సింది నేను" అన్నారు. తర్వాత తాళాలు తీసుకున్నారు.

టామా ఇంట్లో కూర్చోవడానికి ఏమీ మిగల్లేదు. ముగ్గురం కార్పెట్ మీద కూర్చున్నాం. రత్నంగారు చెప్పారు. "టామా, నువ్వు వెళ్ళడం లేదు. లీగ్ ఒప్పుకోలేదు. అది వాళ్ళ నిర్ణయం. కాని వాళ్ళు ఒప్పుకోకముందే నీకు చెప్పింది నేను. చెప్పే హక్కు నాకు లేదు. తప్పు నాది."

"ఆయన తప్పేం కాదు, లీగ్..." అని నేనేదో అనబోయాను. రత్నంగారు తెలుగులో, మెల్లగా, "నువ్వు ఊరుకో అమ్మాయ్" అన్నారు.

టామా మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని కిటికీ వైపు చూస్తున్నాడు. "అమ్మకి చెప్పేశాను" అన్నాడు. కాసేపాగి, "ఆవిడ చర్చిలో అందరికీ చెప్పేసింది" అన్నాడు. మేము కదల్లేదు. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. చివరికి అతనే, "మంచం కూడా ఇచ్చేశాను అంకుల్" అన్నాడు.

"మా ఇంట్లో ఒకటుంది."

"అందులో నేను పట్టను."

"పట్టవు. కింద పరుపు వేస్తాం. కాళ్ళు హాల్లోకి పెట్టుకో."

అతను లేచాడు. మేమూ లేచాం.

వెనక్కి వస్తూ కారులో నాకు కోపం ఆగలేదు. "వాళ్ళని ఒక్క మాటైనా అనరేం అంకుల్?"

"ఏమనాలి? వాడు పోతే ఈ జట్టును కొనేదెవరు? కొనేవాడు లేకపోతే మూసేస్తారు. మిగతా పదకొండు మంది ఎక్కడికి పోతారు? వాళ్ళ కుర్చీలో నేనున్నా అదే చేసేవాణ్ణేమో." సిగ్నల్ దగ్గర కారు ఆపి, అద్దం మీది చినుకులు చూస్తూ, "కాకపోతే వచ్చి చెప్పేవాణ్ణి" అన్నారు.

సోమవారం ప్రాక్టీసుకు టామా వచ్చేసరికి అతని కొక్కెం పైన ఖాళీగా ఉంది. గదిలో అందరూ బూట్ల లేసులు కట్టుకుంటున్నారు. రత్నంగారు టేపు చుట్ట, పెన్నూ నా చేతిలో పెట్టారు. "అడిగి రాయి" అన్నారు. నేను ఒక ముక్క చింపి టామా ముందు నిలబడ్డాను. "నీ పేరేమిటి?" అన్నాను. అతను నన్ను చూశాడు, గదిని చూశాడు. "టామా. ఇంకా పోలేదు" అన్నాడు. మొదట అతనే నవ్వాడు. తర్వాత తలలన్నీ పైకి లేచాయి.

సీజన్ అయ్యేదాకా అతను రత్నంగారి ఇంట్లోనే ఉన్నాడు. నిర్మల ఆంటీ ముద్దపప్పు, ఆవకాయ అలవాటు చేసింది. రత్నంగారు మళ్ళీ లీగ్‌కు రాశారు. ట్రేడ్ కోసం కాదు. ఆట లేని రోజుల్లో టామాను తల్లి దగ్గరికి పంపడానికి. దానికి వాళ్ళు ఒప్పుకున్నారు, టికెట్లు కూడా ఇచ్చారు. ప్రతి వారం ఆయనే విమానాశ్రయంలో దింపి, మళ్ళీ తీసుకొచ్చేవారు. ఆ ఏడు చివర ఊళ్ళోని కొన్ని కుటుంబాలు కలిసి జట్టును తీసుకున్నాయి. టామా మరుసటి సీజన్‌కు అందరి అనుమతితో ఆక్లాండ్ వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు తన టేపు పీకి రత్నంగారి కోటు మీద అంటించి వెళ్ళాడు. ఆయన ఆ రోజంతా దాన్ని తీయకుండా బస్సు నడిపారు.

అప్పుడే నాకు లీగ్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ట్రేడ్ కాగితాలు చూసే విభాగం. "వాళ్ళ దగ్గరికా అంకుల్, ఎలా వెళ్ళను?" అన్నాను. "వెళ్ళు. అక్కడ కాగితం రాసేవాళ్ళున్నారు. వెళ్ళి చెప్పేవాళ్ళు లేరు" అన్నారు. ఆక్లాండ్ వచ్చాక ఆ కుర్చీలోంచి చూస్తే, ఆ రోజు లీగ్ చేసింది తప్పు కాదని నాకూ తెలిసింది. ఒక జట్టు మునిగిపోతున్నప్పుడు దాని మంచి ఆటగాళ్ళను ఒక్కొక్కరిగా పోనిస్తే ఇక కాపాడటానికి ఏమీ మిగలదు. అది తెలిసినకొద్దీ నేను చేసిన పని ఇంకా స్పష్టంగా కనబడేది.

ఏడాదికోసారి ఇన్వర్‌కార్గిల్ వెళ్ళేదాన్ని. ప్రతిసారీ ఈసారి చెప్పేయాలనుకునేదాన్ని. నేను ఆ వాక్యం చదివాను అంకుల్, గీత కూడా గీశాను, మీకు శుభ్రమైన కాపీ ఇచ్చాను. ఇంతే చెప్పాల్సింది. ఫోనులో చెప్పకూడదు, ఎదురుగా కూర్చునే చెప్పాలి అనుకునేదాన్ని. ఎదురుగా కూర్చున్నప్పుడు ఆంటీ దోసెలు వేసేది, ఆయన జట్టు కబుర్లు చెప్పేవారు, విమానం వేళయ్యేది. ఆయన నేర్పిన పద్ధతినే వాయిదా వేయడానికి వాడుకున్నాను.

పోయిన చలికాలం ఒక ఉదయం నిర్మల ఆంటీ ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే ఉంది. "గ్రూపులో ఇంకా పెట్టలేదమ్మా. ముందు నీకూ, టామాకీ చెప్పాలని. ఆయన పొద్దున బస్సు తీయడానికి వెళ్ళి, అక్కడే..." ఆగిపోయింది. ఆమె ఫోన్ పెట్టేయలేదు. అటువైపు కెటిల్ మరిగి ఆగిన చప్పుడు వినబడింది. నేను ఏడవడం మొదలుపెట్టి, ముగించి, "వస్తున్నాను ఆంటీ" అనేదాకా ఆమె అలాగే ఉంది.

కర్మలన్నీ అయ్యాక ఆయన కాగితాలు సర్దడానికి ఆంటీకి సాయం చేశాను. జట్టు ఫైళ్ళు ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. టామా సీజన్ ఫైలులో ఆ తొమ్మిది పేజీల ఉత్తరం ఉంది. నేను ఇచ్చిన శుభ్రమైన కాపీ కాదు. ఐదో పేజీలో ఆకుపచ్చ గీత ఉన్నది. నేను ఉద్యోగం మారి సొరుగు ఖాళీ చేసినప్పుడు దాన్ని అక్కడే మరిచిపోయాను. ఆయన తీసి, ఫైలులో దాని స్థానంలో పెట్టారు. పక్కన ఏమీ రాయలేదు. అంటే ఇన్నేళ్ళూ ఆయనకు తెలుసు. నేను వెళ్ళిన ప్రతిసారీ, నేను లేచి విమానానికి బయల్దేరేదాకా, ఆయన నా ఎదురుగా కూర్చునే ఉన్నారు. ఒక్కసారి కూడా ముందు లేవలేదు.

ఆ కాగితం పట్టుకెళ్ళి వంటింట్లో ఆంటీకి చెప్పాను, మొదటి నుంచి చివరి దాకా. ఆమె విని, "తినేసి వెళ్ళు" అంది. ఆమెకు చెప్పడం ఆయనకు చెప్పినట్టు కాదని నాకు తెలుసు.

టేపు చప్పుడు విన్న శనివారం తర్వాత, మంగళవారం నా బల్ల మీదికి ఒక ఫైలు వచ్చింది. లీగ్ నడుపుతున్న మరో జట్టు, వెళ్ళిపోవాలనుకుంటున్న మరో మంచి ఆటగాడు. భార్యకు నెలలు నిండుతున్నాయి, ఆమె ఊళ్ళో ఉన్న జట్టుకు మారాలని అడిగాడు. వద్దని సిఫారసు చేసింది నేనే. అది సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఉత్తరం సిద్ధంగా ఉంది. అతను గంటన్నర దూరంలోని హామిల్టన్‌లో తన అన్న ఇంట్లో ఉన్నాడని తెలిసి, కారు తీశాను. బయల్దేరేముందు ఆఫీసులో పక్క బల్ల అమ్మాయి, "ఒక్క ఫోన్ కొడితే అయిపోదా?" అంది. అయిపోతుంది అన్నాను.

తలుపు అతనే తీశాడు. నన్ను చూడగానే అతనికి తెలిసిపోయింది. అయినా చెప్పాను, రెండు ముక్కల్లో. సిఫారసు నాదేనని కూడా చెప్పాను. అతను సోఫా అంచున కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు. బయట ఎవరో గడ్డి కోస్తున్నారు. ఆ యంత్రం దగ్గరకు వచ్చింది, దూరం వెళ్ళింది, ఆగిపోయింది. అతను లేచేదాకా నేను లేవలేదు.